పూడిక సరే, గోడ సంగతి?

రక్తనాళాల భాష ఇవాళ తెలుగు ఇళ్లలో అందరికీ వచ్చేసింది. బ్లాక్ ఎంత శాతం, స్టెంట్లు ఎన్ని, యాంజియో ఎక్కడ చేయించారు అన్నవి పెళ్లి భోజనాల బంతిలో కూడా వినిపిస్తున్నాయి. ఈ మాటలన్నీ నాళం లోపల పేరుకునే పూడిక గురించి. నాళం గోడే అరిగి, పలచబడి, ఉబ్బి, ఒకనాడు చిట్లిపోయే జబ్బు మరొకటుంది. అది ఒంట్లోకెల్లా పెద్ద నాళాన్ని పడుతుంది. చాలామందిలో ఏ నొప్పీ, ఏ నలతా లేకుండా ఏళ్లకేళ్లు పెరుగుతుంది. ఆ జబ్బు ఊసు మన మాటల్లో దాదాపు రాదు. విచిత్రమేమిటంటే, పొట్టలో వచ్చే రకాన్ని కనిపెట్టడానికి ఏ చిన్న పట్టణంలోనైనా దొరికే మామూలు పొట్ట స్కానింగ్ చాలు.

ఆ పెద్ద నాళం పేరు బృహద్ధమని. డాక్టర్లు అయోర్టా అంటారు. గుండె ఎడమ గది నుంచి పైకి లేచి, ఛాతీలో వంపు తిరిగి, వెన్నెముకను ఆనుకుని కిందికి దిగి, బొడ్డు దగ్గర రెండు పాయలై కాళ్లకు పోతుంది. పెద్దవాళ్లలో గుండె దగ్గర సుమారు మూడు సెంటీమీటర్ల వెడల్పు, పొట్టలోకి వచ్చేసరికి రెండు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం ఇందులోకి ఎగజిమ్ముతుంది. ఇలా రోజుకు లక్షసార్లు. అరవై ఏళ్ల మనిషి బృహద్ధమని అప్పటికి రెండు వందల కోట్ల పైచిలుకు దెబ్బలు కాచుకుని ఉంటుంది.

దీన్ని వట్టి గొట్టం అనుకుంటే పొరపాటే. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే చర్చి ఫాదర్ ఉండేవాడు. ప్రార్థనలు పోను మిగిలిన కాలమంతా ప్రయోగాలకే పెట్టేవాడు. ఆయన ఒక గుర్రం కాలి ధమనిలో గొట్టం గుచ్చి నిలబెడితే రక్తం ఎనిమిది అడుగుల మూడు అంగుళాల ఎత్తుకు లేచింది. ఈ సంగతులన్నీ 1733లో పుస్తకంగా అచ్చువేశాడు. రక్తపోటును కొలవడం అక్కడే మొదలైంది. గుండె ఆగి ఆగి కొడుతుంటే చిన్న నాళాల్లో రక్తం ఆగకుండా ఎలా పారుతోంది అన్న ప్రశ్న కూడా ఆయన వేసుకున్నాడు. ధమనులు సాగుతాయి, తిరిగి ముడుచుకుంటాయి, జవాబు అందులోనే ఉందని సరిగ్గానే పట్టుకున్నాడు. గుండె బిగుసుకున్నప్పుడు బృహద్ధమని సాగి కొంత రక్తాన్ని తనలో దాచుకుంటుంది. గుండె సేదతీరే క్షణంలో ముడుచుకుని ఆ రక్తాన్ని ముందుకు నెడుతుంది. ఒక రకంగా అది రెండో పంపు. కరెంటు అడగని పంపు.

ఈ సాగుడు గుణమంతా గోడ మధ్యపొరలో ఉంది. గోడకు మూడు పొరలు. లోపలిది రక్తాన్ని తాకే పలచని పొర, వెలుపలిది గట్టి పీచు పొర, నడుమ ఉన్న మందపాటి పొర అసలు పనిమంతురాలు. సూక్ష్మదర్శిని కింద పెడితే ఛాతీ భాగంలో యాభైకి పైగా సాగే పలకలు వరసగా పేర్చినట్టు కనిపిస్తాయి. ప్రతి రెండు పలకల మధ్యా కండర కణాలు, కొల్లాజెన్ పోగులు ఉంటాయి. పలకలు ఎలాస్టిన్ అనే ప్రొటీనువి. కిందికి దిగేకొద్దీ వాటి సంఖ్య తగ్గుతూ, పొట్ట భాగంలో ముప్పై దగ్గరికి వస్తుంది. ఛాతీలో గోడకు తిండి అందించే బుల్లి నాళాలు మధ్యపొర లోపలికీ చొచ్చుకుపోతాయి. మూత్రపిండాల దిగువన అవి దాదాపు ఉండవు. పలకలు తక్కువ, తిండి తక్కువ. పైగా నాళం రెండుగా చీలే చోటు దగ్గర కాబట్టి రక్తపు అల తిరిగి తగిలే తాకిడి ఎక్కువ. అందుకే పొట్టలో ఉబ్బు వచ్చిందంటే చాలావరకు అక్కడే వస్తుంది.

ఎలాస్టిన్ విషయంలో ప్రకృతి కొంచెం పిసినారితనం చూపించింది. తల్లి కడుపులో ఉండగానూ, పుట్టిన తొలి ఏళ్లలోనూ శరీరం దీన్ని దండిగా తయారు చేసుకుంటుంది. ఆ తర్వాత తయారీ దాదాపు బంద్. ఉన్నది దశాబ్దాల తరబడి నిలుస్తుంది కానీ, తెగిన పోగు స్థానంలో కొత్తది సరిగా అల్లుకోదు. కోట్ల దెబ్బలకు పోగులు అలసి అక్కడక్కడా తెగుతాయి. వాటి బరువు కొల్లాజెన్ మీద పడుతుంది. కొల్లాజెన్ గట్టిదే, సాగదు. గోడ బిర్రబిగుస్తుంది. పెద్ద వయసులో చాలామందికి పై బీపీ 160, 170 ఉండి, కింది బీపీ 70 దగ్గరే ఆగిపోవడం చూస్తుంటాం. “కిందిది బాగానే ఉందిగా” అని సరిపెట్టుకుంటారు. ఆ రెండంకెల మధ్య అంతరం పెరగడమే బృహద్ధమని గట్టిపడుతోందనడానికి గుర్తు. సాగలేని గోడ గుండె దెబ్బ మొత్తాన్ని పై అంకె మీదికి తోసేస్తోంది, గుండె సేదతీరేటప్పుడు తిరిగి ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ మిగలడం లేదు.

ఇంతవరకు వయసు చేసే పని. కొందరిలో ఇది హద్దు దాటుతుంది. కండర కణాలు చచ్చిపోతాయి. ఎలాస్టిన్‌ను, కొల్లాజెన్‌ను నమిలేసే ఎంజైములు విజృంభిస్తాయి. పలకలు చెదిరిన ఖాళీల్లో జిగురులాంటి పదార్థం మడుగులు కడుతుంది. ఇలాంటి గోడను 1929లో వియన్నా వైద్యుడు యాకబ్ ఎర్డ్‌హైమ్ వివరంగా వర్ణించాడు. బలం తగ్గిన చోట గోడ వెలుపలికి ఉబ్బడం మొదలవుతుంది. దాన్ని అన్యూరిజం అంటారు. సైకిలు టైరు అరిగి పలచబడిన చోట లోపలి ట్యూబు బుడిపెలా పొడుచుకు రావడం చూసినవాళ్లకు ఇంతకుమించి చెప్పనక్కర్లేదు. నాళం వెడల్పయ్యేకొద్దీ, అదే రక్తపోటుకు గోడ మీద పడే లాగుడు పెరుగుతుంది. ఉబ్బితే లాగుడు పెరుగుతుంది, లాగుడు పెరిగితే ఇంకా ఉబ్బుతుంది. అందుకే పెద్ద ఉబ్బులు చిన్నవాటికంటే వేగంగా పెరుగుతాయి. ఉబ్బు తనంతట తాను తగ్గుతుందని ఎదురుచూడటం దండగ.

గోడ రెండు రకాలుగా దెబ్బతీస్తుంది. ఒకటి, ఉబ్బి ఉబ్బి పగలడం. ఇది ఎక్కువగా పొట్టలో. రెండోది లోపొరలో చిన్న చిరుగు పడి, రక్తం దానిగుండా దూరి, మధ్యపొరను నిలువునా విడదీసుకుంటూ పోవడం. ఒకే నాళంలో రెండు దారులు ఏర్పడతాయి, ఒకటి అసలుది, ఒకటి దొంగది. దీన్ని డిసెక్షన్ అంటారు. దీనికి చరిత్రలో బాగా నమోదైన తొలి ఉదాహరణ ఒక రాజుగారిది. ఇంగ్లండు రాజు రెండో జార్జి 1760 అక్టోబరు 25 ఉదయం కెన్సింగ్టన్ ప్యాలెస్‌లో చాక్లెట్ పానీయం తాగి మరుగుదొడ్డికి వెళ్లి అక్కడే కుప్పకూలిపోయాడు. ఆస్థాన వైద్యుడు ఫ్రాంక్ నికల్స్ శవాన్ని కోసి చూస్తే గుండె చుట్టూ ఉండే సంచి గడ్డకట్టిన రక్తంతో నిండి ఉంది. బృహద్ధమని లోపలి వైపు ఒకటిన్నర అంగుళం పొడవున అడ్డంగా చిరుగు, దానిగుండా రక్తం గోడ పొరల్లోకి దూరిన జాడ. ఆయన చూసినది చూసినట్టు రాసిపెట్టాడు. ఆ రాత ఈనాటికీ పాఠంలా పనికొస్తుంది.

డిసెక్షన్ నొప్పిని ఒకసారి అనుభవించినవాళ్లు మరచిపోరు. మెల్లగా మొదలవదు. మొదటి క్షణంలోనే తారస్థాయిలో ఉంటుంది. ఛాతీలో గానీ, రెండు భుజాల మధ్య వీపులో గానీ గుడ్డ చింపినట్టు, కత్తితో కోసినట్టు ఉంటుందంటారు. చీలిక కిందికి పాకితే నొప్పి కూడా వీపు నుంచి నడుముకు దిగుతుంది. చీలిక ఏ కొమ్మను మూసేస్తే ఆ అవయవం కష్టాల్లో పడుతుంది. మెడ నాళమైతే పక్షవాతం, కాలి నాళమైతే కాలు చల్లబడటం. రెండు చేతుల్లో బీపీ వేరువేరుగా రావచ్చు. ఈసీజీ మాత్రం ఒక్కోసారి మామూలుగానే ఉంటుంది. ఇక్కడే అసలు ప్రమాదం. దీన్ని గుండెపోటుగా పొరబడి రక్తం గడ్డలు కరిగించే ఇంజెక్షన్ ఇస్తే చేజేతులా ప్రాణం తీసినట్టే. గుండెను ఆనుకుని ఉన్న భాగంలో చీలిక వస్తే, చికిత్స లేకుండా మొదటి ఒకటి రెండు రోజుల్లో గంటకు నూటికి ఒకరిద్దరి చొప్పున పోతారని వైద్యుల లెక్క. ఇలాంటి నొప్పితో ఎవరైనా వస్తే రెండు చేతులకూ బీపీ చూడటం క్షణాల్లో అయ్యే పని. అనుమానం ఉంటే సీటీ స్కాన్ తేల్చేస్తుంది. ఎమర్జెన్సీలో కూర్చునే ప్రతి కుర్ర డాక్టరు తలలోనూ ఈ పేరు ఒక మూల మెదులుతూ ఉండాలి.

పొట్టలో ఉబ్బు ఉన్నవాళ్లలో అందరికీ తెలిసిన పేరు ఆల్బర్ట్ ఐన్‌స్టీన్. 1948 డిసెంబరులో పొట్టనొప్పితో బాధపడుతుంటే న్యూయార్కులో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ ఆయన పొట్ట తెరిచాడు. పెద్ద ఉబ్బు కనిపించింది. దాన్ని కోసి తీసేసి మరో గొట్టం కుట్టే విద్య అప్పటికి ఎవరి దగ్గరా లేదు. నిస్సెన్ దాని చుట్టూ సెలోఫేన్ కాగితం చుట్టాడు. పొట్లాలు కట్టే సెలోఫేనే. పరాయి వస్తువు తగిలితే కండ రేగి, చుట్టూ మచ్చలా గట్టిపడుతుంది, అదే గోడకు దన్నుగా నిలుస్తుందన్నది ఆలోచన. మొరటు వైద్యమే, కానీ ఆరేళ్ల పైన పనిచేసింది. 1955 ఏప్రిల్‌లో ఉబ్బు పగిలింది. అప్పటికి ఆపరేషన్ పద్ధతి వచ్చింది, సర్జన్లు చేస్తామన్నారు. ఐన్‌స్టీన్ ఒప్పుకోలేదు. కృత్రిమంగా ఆయుష్షు పొడిగించుకోవడం తనకు రుచించదన్నాడు. ఏప్రిల్ 18 తెల్లవారుజామున ప్రిన్స్‌టన్ ఆసుపత్రిలో, 76 ఏళ్ల వయసులో పోయాడు. చిరకాలం పైపు కాల్చిన మనిషి అన్నది కూడా ఇక్కడ గుర్తు పెట్టుకోవలసిన సంగతి.

ఐన్‌స్టీన్ రెండు గండాల మధ్యలో వచ్చిన ఆ ఆపరేషన్ పద్ధతి 1951 నాటిది. పారిస్‌లో షార్ల్ ద్యుబోస్ట్ ఉబ్బిన భాగాన్ని తీసేసి, చనిపోయిన మనిషి నుంచి తీసి దాచిన బృహద్ధమని ముక్కను అతికించాడు. బాగుంది, అయితే అలాంటి ముక్కలు అడిగినప్పుడల్లా దొరకవు, దొరికినవి కూడా కాలం గడిచేసరికి క్షీణిస్తాయి. దీనికి దారి చూపించినవాడు అమెరికాలోని హ్యూస్టన్ సర్జన్ మైకేల్ డిబేకీ. లెబనాన్ నుంచి వలస వచ్చిన కుటుంబం. చిన్నప్పుడు తల్లి దగ్గర కుట్టుపని నేర్చుకున్నాడు. నైలాన్ గుడ్డ కొందామని బట్టల దుకాణానికి వెళితే సరుకు అయిపోయిందన్నారని, డేక్రాన్ అనే కొత్త పాలియెస్టర్ గుడ్డ ఉంది తీసుకోమన్నారని తర్వాత ఆయనే చెప్పేవాడు. ఇంటికి తెచ్చి, భార్య కుట్టుమిషను మీద గొట్టాలుగా కుట్టాడు. ఆ దుకాణంలో నైలాన్ లేకపోవడం అదృష్టం, ఎందుకంటే ఒంట్లో పెట్టిన నైలాన్ కొన్నాళ్లకు బలం కోల్పోతుందని తరువాత తేలింది. డేక్రాన్ దశాబ్దాలు నిలుస్తుంది. కణాలు దాని కన్నాల్లోకి అల్లుకుని గొట్టాన్ని తమలో కలుపుకుంటాయి. ఈనాటికీ బృహద్ధమని ఆపరేషన్లలో ఎక్కువగా వాడేది ఆ జాతి గొట్టాలే, కాకపోతే ఇప్పుడు కుట్టు లేకుండా మిషను మీదే అల్లి వస్తాయి.

కథ ఇక్కడితో ఆగలేదు. 2005 డిసెంబరు 31న, 97 ఏళ్ల వయసులో, ఇంట్లో ఒక ఉపన్యాసం తయారుచేసుకుంటున్న డిబేకీకి ఛాతీలో పైనుంచి మెడ దాకా భరించలేని నొప్పి లేచింది. జీవితమంతా ఎవరికి వైద్యం చేశాడో ఆ జబ్బే తనకు వచ్చిందని ఆయనకు అర్థమైపోయింది. డిసెక్షన్. ఏ రకం చీలికకు ఏ వైద్యమో నిర్ణయించడానికి లోకం వాడే వర్గీకరణల్లో ఒకటి ఆయన పేరు మీదే ఉంది. ఆపరేషన్ వద్దన్నాడు. ఆ వయసులో తట్టుకోలేనని ఆయనకన్నా బాగా తెలిసినవాళ్లు ఎవరున్నారు? వారాలు గడిచాయి, ఉబ్బు పెరిగింది, ఆయన స్పృహ తప్పాడు. ఫిబ్రవరిలో ఆసుపత్రి నైతిక సంఘం రాత్రివేళ సమావేశమై తర్జనభర్జన పడుతుంటే, భార్య గదిలోకి దూసుకొచ్చి ఆపరేషన్ చేసి తీరాలని పట్టుబట్టింది. చిరకాల సహచరుడు జార్జ్ నూన్ కత్తి పట్టాడు. దాదాపు ఏడు గంటల ఆపరేషన్, ఆయనే తెచ్చిన డేక్రాన్ గొట్టం ఆయన ఛాతీలోకి. నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి లేచాడు. వద్దన్నా చేసినందుకు కోపగించుకోలేదు, సంతోషించాడు. 2008 జులై 11న, నూరేళ్లకు రెండు నెలలు తక్కువగా కన్నుమూశాడు. రోగి వద్దన్న ఆపరేషన్ చేయవచ్చా అన్న ప్రశ్న ఆ సంఘాన్ని ఎలా వేధించిందో నన్నూ అలాగే వేధిస్తుంది. ఫలితం బాగుంది కాబట్టి నిర్ణయం సరైనదని నేను అనను.

ఇవాళ పొట్ట కోయకుండానే చాలా కేసులు నడుస్తున్నాయి. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో నికొలాయ్ వొలొదొస్ 1987లో ఛాతీ భాగంలో, అర్జెంటీనాలో హువాన్ పరోదీ 1990లో పొట్ట భాగంలో, గజ్జల నాళంలోంచి మడిచిన గొట్టాన్ని లోపలికి పంపి ఉబ్బు ఉన్న చోట విప్పారు. రక్తం కొత్త గొట్టంలోంచి పారుతుంది, ఉబ్బిన గోడ మీద ఒత్తిడి తగ్గుతుంది. రోగి కొద్ది రోజుల్లో ఇంటికి పోతాడు. అయితే గొట్టం జారడం, పక్కనుంచి రక్తం కారడం వంటివి ఉంటాయి కాబట్టి ఏటా స్కాన్ తప్పదు. ఒకసారి వేశాం, ఇక మరచిపోదాం అనుకునే వీలు దీనిలో లేదు.

పుట్టుకతోనే ఎలాస్టిన్ అల్లిక సరిగా లేనివాళ్లు కొందరుంటారు. మార్ఫాన్ సిండ్రోమ్ అలాంటిది. సుమారు ఐదువేల మందిలో ఒకరికి ఉంటుంది. ఎలాస్టిన్ పోగులకు పందిరిలా నిలిచే ఫిబ్రిలిన్ అనే ప్రొటీను జన్యువులో లోపమే దీనికి కారణమని 1991లో తేలింది. పొడవాటి మనిషి, సన్నని పొడవు వేళ్లు, బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగిస్తే దాని కొస అవతలి వైపు పొడుచుకు రావడం, కంటి కటకం పక్కకు జరగడం వంటి గుర్తులుంటాయి. అమెరికా వాలీబాల్ తార ఫ్లో హైమన్ ఆరడుగుల ఐదంగుళాల మనిషి, 1984 ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన జట్టులో మెరిసింది. 1986 జనవరిలో జపాన్‌లో మ్యాచ్ మధ్య బెంచీ మీద కూర్చుని కుప్పకూలింది. 31 ఏళ్లు. మార్ఫాన్ ఉందని చనిపోయాకే తెలిసింది. ఆ తర్వాత పరీక్ష చేస్తే సోదరుడికీ అదే ఉందని బయటపడింది, ఆపరేషన్ చేసి ఆయన్ను కాపాడారు. ఇంట్లో ఒకరు చిన్న వయసులో హఠాత్తుగా పోతే “గుండె ఆగిపోయింది” అని ఊరుకోకుండా తోబుట్టువులకు ఎకో చేయించాలనేది ఇందుకే.

మిగిలినవారి విషయంలో గోడకు పెద్ద శత్రువు పొగాకు. పొట్ట ఉబ్బుకు దానికి మించిన కారణం ఇంకోటి లేదు. సిగరెట్టా, బీడీయా, చుట్టా అని గోడ తేడా చూడదు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అనగానే మనకు అంగిలి కాన్సరే గుర్తొస్తుంది, పొగ నోటి దగ్గర ఆగిపోతుందన్నట్టు. అది అక్కడ ఆగదు. డిబేకీ తన గురువు ఆక్స్‌నర్‌తో కలిసి 1939లోనే పొగకూ ఊపిరితిత్తుల కాన్సరుకూ లంకె ఉందని రాశాడు. గోడను పాడుచేసే రెండో శత్రువు అదుపులో లేని బీపీ, ముఖ్యంగా డిసెక్షన్ విషయంలో. ఒక చిత్రం చెప్పాలి. షుగరు ఉన్నవాళ్లకు పొట్ట బృహద్ధమని ఉబ్బు తక్కువగా వస్తుందని ఎన్నో అధ్యయనాలు తేల్చాయి. షుగరు చేసే వంద చెడుపనుల్లో దొరికిన ఒక్క మినహాయింపు ఇది, పండగ చేసుకోవలసింది మాత్రం కాదు.

మందుల షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌ల గురించి కూడా ఒక మాట. ఇవి బృహద్ధమని చిరగడం, పగలడం వంటి ముప్పును పెంచవచ్చనీ, ఉబ్బు ఉన్నవాళ్లకూ, వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నవాళ్లకూ వేరే దారి ఉంటే ఇవి ఇవ్వవద్దనీ 2018 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. మామూలు మనిషికి ముప్పు చాలా అరుదు. ఉబ్బు ఉందని తెలిసినవాళ్లు మాత్రం ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఆ సంగతి ముందే చెప్పాలి.

పొట్టలో నాళం మూడు సెంటీమీటర్లు దాటితే అన్యూరిజం అంటారు. మగవాళ్లలో ఐదున్నర, ఆడవాళ్లలో ఐదు సెంటీమీటర్ల దాకా సాధారణంగా ఆపరేషన్ చేయరు, స్కాన్‌తో కాపు కాస్తారు. ఆ లోపు పగిలే ముప్పు ఆపరేషన్ ముప్పు కన్నా తక్కువని పెద్ద అధ్యయనాలు తేల్చాయి. పగిలాక కథ వేరు. పగిలినవాళ్లలో నూటికి ఎనభై మంది దాకా బతకరు, చాలామంది ఆసుపత్రి మెట్లు కూడా ఎక్కరు. ముందుగా తెలిసి తీరుబడిగా చేసిన ఆపరేషన్‌లో పోయేది నూటికి కొద్దిమందే. ఈ తేడా చూసే బ్రిటన్ 65 నిండిన ప్రతి మగవాడినీ పిలిచి ఒకసారి పొట్ట స్కాన్ చేస్తుంది. అమెరికాలో 65 నుంచి 75 ఏళ్ల మధ్య, జీవితంలో ఎప్పుడైనా పొగ తాగిన మగవాళ్లకు ఒకసారి చేయించమని సలహా. మన దేశంలో అలాంటి జాతీయ కార్యక్రమం లేదు.

అంతవరకు మనం చేసుకోగలిగింది ఒకటుంది. మన పెద్దవాళ్లకు గాల్ బ్లాడర్ రాయి కోసమో, ప్రోస్టేట్ కోసమో పొట్ట స్కానింగ్ ఎలాగూ జరుగుతూనే ఉంటుంది. రిపోర్టులో లివర్, కిడ్నీల కొలతలు వరసగా ఉంటాయి, బృహద్ధమని ఊసు చాలాసార్లు ఉండదు, లేదా “నార్మల్” అని ఒక్క మాట ఉంటుంది. మీ ఇంట్లో 65 దాటిన, ఒకప్పుడు చుట్టో బీడీయో సిగరెట్టో కాల్చిన నాన్నగారో, మామగారో, పెదనాన్నో ఉంటే, ఈసారి స్కానింగ్‌కు తీసుకువెళ్లినప్పుడు పరగడుపున తీసుకువెళ్లండి, గ్యాసు అడ్డం రాకుండా నాళం బాగా కనిపిస్తుంది. బల్ల మీద పడుకున్నాక “డాక్టరుగారూ, అయోర్టా ఎన్ని సెంటీమీటర్లుందో కూడా కొలిచి రాయండి” అని అడగండి.